నాలుగు దోసిళ్ళ కొలత

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదికపై ఉన్న పెద్దలకు, ఉలమాలకు, తమ కష్టార్జితంలోంచి ఏటా పేదల వాటా తీసి మా చేతిలో పెడుతున్న దాతలకు, రంజాన్ నెలంతా మూటలు కట్టి ఇంటింటికీ మోసిన యువకులకు, ఆ మూటలు ఎవరికి అందాలో మాకు చెప్పిన సోదరీమణులకు మా సలాములు.

ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద లెక్కలు చదువుతాం. ఈసారి జమాఖర్చులు సావనీర్ చివరి పేజీల్లో అచ్చువేశాం, ఇంటికి వెళ్ళి తీరిగ్గా చూడండి. ఇక్కడ మాత్రం లెక్కల్లో కనిపించని ఒక సంగతి మీ ముందు పెట్టాలనుకున్నాం. అది మేము చేసిన ఒక పొరపాటు, దాని వల్ల మేము నేర్చుకున్న పాఠం.

రెండు రంజాన్‌ల కిందటి మాట. మన ఊళ్ళో ఫిత్రా గోధుమల ధర మీద లెక్క కడతారని మీకు తెలుసు. గోధుమల లెక్కన డబ్బు వచ్చింది కదా, గోధుమలే ఇస్తే సరిపోతుందనుకున్నాం. మంచి రకం గోధుమపిండి సంచులు టోకున కొని, ఒక్కో కిట్‌లో పది కిలోలు పెట్టాం. పంపిణీ బాగా జరిగింది. ఫొటోలూ బాగా వచ్చాయి. మూడో వారంలో మా కుర్రాడు ఒకడు కిరాణా కొట్టుకి వెళితే, మన సొసైటీ చీటీ అంటించిన సంచులు అక్కడ వరసగా పేర్చి ఉన్నాయి. కొట్టాయన దాచుకోకుండా చెప్పాడు: "మీవాళ్ళే తెచ్చి ఇచ్చారు. సగం ధరకి తీసుకుని బియ్యం, కందిపప్పు ఇచ్చాను."

ఆ మాట దాతల దాకా వెళ్ళింది. కొందరికి కోపం వచ్చింది. "అవసరం లేనివాళ్ళకు ఇచ్చారు, అందుకే అమ్ముకున్నారు" అన్నారు. మాకూ ముందు అలాగే అనిపించింది. నిజం ఏమిటో అడుగుదామని నలుగురం కలిసి ఒక ఇంటికి వెళ్ళాం. ఆ ఇంటి ఖాలా గాజులు అమ్ముకుని ఆరుగురిని పోషిస్తుంది. ఆమె తల దించుకోలేదు, మమ్మల్ని తిట్టనూ లేదు. కూర్చోబెట్టి విడమరచి చెప్పింది.

"బేటా, చపాతీ చేస్తే పక్కన కూర ఉండాలి, కాల్చడానికి నూనె ఉండాలి. ఆరుగురికి ఒక్కొక్కటే ఒత్తి కాల్చేసరికి గ్యాసు ఎంత అవుతుంది? అన్నమైతే ఒక్క పొంగు, ఇంత పులుసు చాలు. జొన్నరొట్టె అయితే ఎర్రకారం చాలు. పిల్లలకు కడుపు నిండిందనిపించాలి కదా. మీరిచ్చింది పారేయలేదు బేటా, మేము తినేదానికి మార్చుకున్నాం."

ఆ చివరి మాట మాకు గుచ్చుకుంది. సగం ధరకి మార్చుకుంది. అంటే మీరిచ్చిన ప్రతి వంద రూపాయల్లో యాభై మాత్రమే ఆమె పొయ్యి దాకా చేరింది. మిగతా యాభై, ఆమె ఏమి తింటుందో మేము అడగకపోవడం వల్ల పోయింది.

ఆ తరువాత ఉలమాల దగ్గర కూర్చుని ఫిత్రా కొలత గురించి మళ్ళీ మొదటినుంచీ విన్నాం. ఇది ఫత్వా చెప్పడం కాదు, అది మా పని కాదు. మేము విన్నది మీతో పంచుకుంటున్నాం, అంతే. ఫిత్రా మొదట డబ్బుతో కట్టిన లెక్క కాదు. అది తిండిగింజలతో కొలిచిన కొలత. దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో దాన్ని 'సా' అనే కొలపాత్రతో కొలిచేవారు. ఒక 'సా' అంటే నాలుగు 'ముద్'లు. ఒక 'ముద్' అంటే మామూలు మనిషి రెండు చేతులూ కలిపి పట్టినంత. మన తెలుగులో దోసెడు. అంటే తలకు నాలుగు దోసిళ్ళ తిండి. రాళ్ళూ తక్కెడా లేని పేద ఇంట్లో కూడా ఆ కొలత తప్పిపోదు, ఎందుకంటే చేతులు అందరికీ ఉన్నాయి.

ఆ దోసిళ్ళలో ఏమి పోసేవారు? ఖర్జూరం, బార్లీ, ఎండుద్రాక్ష, ఎండబెట్టిన పెరుగుగడ్డ. అవన్నీ ఆ ఊరివాళ్ళు రోజూ తినేవే. గోధుమ అక్కడ అరుదు, ఖరీదు ఎక్కువ. తరువాత సిరియా గోధుమలు వచ్చినప్పుడు, వాటి రెండు 'ముద్'లు ఒక 'సా' ఖర్జూరాలకు సమానమని ముఆవియా (రజి) అభిప్రాయపడ్డారనీ, అబూ సయీద్ ఖుద్రీ (రజి) మాత్రం తాను మొదటినుంచీ ఇస్తున్న పూర్తి కొలతనే ఇస్తూ వచ్చారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. హనఫీ పద్ధతిలో గోధుమ అయితే అర 'సా', ఖర్జూరం, బార్లీ అయితే పూర్తి 'సా' అన్న లెక్క మనకు తెలిసిందే. మన ఊళ్ళలో ప్రకటించే కిలోన్నర నుంచి కిలోముప్పావు గోధుమల ధర దాన్నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆనాడు గోధుమ ఖరీదైనది కాబట్టి సగం కొలత. ఈనాడు మన బజారులో గోధుమే చౌక, ఖర్జూరం, ఎండుద్రాక్ష ఖరీదు. ఆనాడు ధనికుల ధాన్యం ఈనాడు అందరికన్నా తక్కువ ఇచ్చేవారి లెక్కకు ఆధారమయ్యింది. అందుకే శక్తి ఉన్నవారు ఖర్జూరం లెక్కనో, ఎండుద్రాక్ష లెక్కనో ఇస్తే పేదలకు మేలని ఉలమాలు ప్రతి రంజాన్‌లోనూ గుర్తుచేస్తున్నారు. మనం ఆ మాట విని తల ఊపి, గోధుమ లెక్కనే ఇచ్చి వస్తున్నాం.

ఇతర దేశాలవాళ్ళు ఆ దోసిళ్ళలో ఏమి పోస్తున్నారో చూడండి. ఇండోనేషియాలో ఫిత్రా అంటే తలకు రెండున్నర కిలోల బియ్యం. జావాలో అన్నం తినకపోతే భోజనం చేసినట్టే కాదు, కాబట్టి ఫిత్రా బియ్యమే. పక్కనే ఉన్న కేరళలోనూ బియ్యమే. పండగ ముందురోజు రాత్రి బియ్యం సంచులు మహల్లా మహల్లాకీ చేరతాయి. ఆ ఊరు ఏమి తింటుందో అదే ఇవ్వాలన్నది అక్కడి షాఫయీ పద్ధతి. కొలత అన్ని చోట్లా ఒక్కటే, గింజ మాత్రం ఏ నేలది ఆ నేలకే.

మరి మన నేల గింజ ఏది? రాయలసీమలో మన తాతలు తిన్నది జొన్న, కొర్ర, రాగి. నల్లరేగడిలో వానలు వెనకపట్టాక విత్తితే, నేలలో మిగిలిన తేమతోనే జొన్న చలికాలమంతా నిలిచి పండేది. గింజ మనిషికి, చొప్ప పశువుకి. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం వచ్చాక మన పళ్ళేలు మారాయి. ఆ పథకం ఆకలి తీర్చింది, కాదనము. కానీ పండగకే వండుకునే అన్నం రోజూ తినే తిండి అయింది, రోజూ తినే జొన్న కొందరికి అందని తిండి అయింది. ఆ రేగడి చేలు పత్తికీ శనగకీ పోయాయి. ఈరోజు జొన్నరొట్టె తినాలంటే పేద ఇల్లు లెక్క చూసుకోవాల్సి వస్తోంది.

జొన్నను మనం అచ్చంగా మనదే అనుకుంటాం. కానీ జొన్నను మొదట సాగుకు తెచ్చినవాళ్ళు సూడాన్ తూర్పు ప్రాంతపు జనమని, సుమారు అయిదు వేల ఏళ్ళనాటి ఆనవాళ్ళు చూసి పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రాగిదీ తూర్పు ఆఫ్రికా మెట్టభూములే. కొర్ర ఉత్తర చైనాది. మన కారం సంగతి చెప్పనే అక్కరలేదు. పోర్చుగీసు ఓడలు రాకముందు ఈ దేశంలో మిరపకాయే లేదు, ఘాటుకు మిరియాలు, పిప్పళ్ళే. అంటే ఎర్రకారం వేసుకున్న జొన్నరొట్టెలో ఆఫ్రికా, అమెరికా రెండూ ఉన్నాయి. అయినా అది రాయలసీమ తిండే. ఒక నేల ఒక గింజను పండించి, వండి, పిల్లలకు పెట్టి, దాని గుణం తెలుసుకున్నాక అది ఆ నేలదే అవుతుంది.

ఆ గుణం తెలియడంలోనే ఉంది అసలు విషయం. గోధుమపిండి సాగుతుంది, కాబట్టి కర్రతో ఒత్తుతాం. జొన్నపిండికి ఆ జిగురు లేదు. వేడినీళ్ళతో కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి పైన తడి అద్దాలి. తట్టే చెయ్యి కుదరడానికి ఏళ్ళు పడుతుంది. అలాంటి చెయ్యి ఉన్న ఇంటికి మేము గోధుమపిండి పంపాం. ఆ ఇంటికి తిండి పంపామనుకున్నాం గానీ, ఆ చేతికి పని లేకుండా చేశామని అప్పుడు మాకు తోచలేదు.

సూడాన్‌లో జొన్నపిండిని ముద్దగా ఉడికిస్తారు. దాన్ని అసీదా అంటారు. మన సంగటికి అక్క అనుకోండి. ఎండు బెండకాయ పొడి వేసిన చిక్కటి పులుసుతో తింటారు. రంజాన్ రాకముందే ఇళ్ళలో ఆడవాళ్ళు జొన్నలు మొలకెత్తించి, పిండి చేసి, మసాలాదినుసులు కలిపి, పెనం మీద పల్చటి పొరలుగా కాల్చి ఎండబెట్టుకుంటారు. ఇఫ్తార్ వేళ ఆ పొరల్ని నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, చక్కెర వేసుకుని తాగుతారు. దాని పేరు హులూ ముర్, అంటే తీపీ చేదూ. అక్కడ చాలా ఊళ్ళలో ఇఫ్తార్ పళ్ళేలు ఇంట్లో పెట్టుకోరు, వీధిలోకి తెస్తారు. దారిన పోయేవాణ్ణి ఆపి మరీ కూర్చోబెడతారు.

అలాంటి నేల మీద 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టులో డార్ఫర్‌లోని జంజం శిబిరంలో కరువు నెలకొందని అంతర్జాతీయ నిపుణులు నిర్ధారించారు. లోకానికి జొన్న ఇచ్చిన దేశంలో జొన్నముద్ద కరువైంది. అక్కడ ఊరివాళ్ళే కలిసి వీధి వంటశాలలు నడుపుతున్నారు. పప్పో, అసీదానో, దొరికినదాంట్లో జనం ఎరిగినదే వండుతున్నారు. ఈ మాట విని మనం చేయగలిగింది ముందు దుఆ. రెండోది, ఎంత కష్టంలో ఉన్నా పెట్టేవాడు తినేవాడి నోటిని మరచిపోకూడదని వాళ్ళ దగ్గర నేర్చుకోవడం.

ఇఫ్తార్ పళ్ళేలు దేశదేశానికీ ఎలా మారతాయో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మొరాకోలో శనగలు, పప్పు, టమాటా వేసిన హరీరా. మలేషియాలో మసీదు ఆవరణలో పెద్ద పెద్ద డేగిశాల్లో కాచి ఊరందరికీ పంచే బియ్యపు జావ. తమిళనాడులో మసీదు గంజి, దానికి బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. అన్నింటికీ ముందు ఖర్జూరం. అది కూడా ఊరికే కాసేది కాదు. ఖర్జూరంలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. మగ పూల పుప్పొడిని రైతే చెట్టెక్కి ఆడ గెలలకు అంటించాలి, లేకపోతే మంచి కాయ పట్టదు. మన గట్ల మీద ఎవరూ పట్టించుకోని ఈతచెట్టు ఆ ఖర్జూరానికి దగ్గరి చుట్టమే.

ఇక మన హలీమ్. గోధుమా మాంసమూ కలిపి రాత్రంతా ఉడికించి మెదిపే హరీస్ పదో శతాబ్దపు బాగ్దాద్ వంటల గ్రంథంలోనే ఉంది. అరబ్బుల వెంట హైదరాబాదు వచ్చి మసాలా, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ చేర్చుకుని హలీమ్ అయింది. 2010లో హైదరాబాదు హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో అరబ్ దేశాల హరీస్‌ను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కేరళకు వెళ్ళి అదే అలీసా అయింది. గోధుమ మనది కాదని మేము అనడం లేదు. మనకు నచ్చిన రూపంలో వచ్చినప్పుడు దాన్ని రెండు చేతులా తీసుకున్నాం. వద్దంటే చెప్పకుండా బలవంతాన వచ్చి మీద పడ్డప్పుడే కిరాణా కొట్టుకి చేరింది.

తినే పద్ధతి గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఇరుగుపొరుగు హిందూ సోదరులను ఇఫ్తార్‌కి పిలిచాం. ప్రేమ చూపించాలని దస్తర్‌ఖాన్ పరిచి, నలుగురికొక పెద్ద పళ్ళెం పెట్టాం. ఒకే పళ్ళెంలో తినడం మనకు ముహబ్బత్. అతిథులు కూర్చున్నారు, నవ్వారు, ఖర్జూరం తీసుకున్నారు. పళ్ళెంలో మాత్రం చెయ్యి పెట్టలేదు. మాలో కొందరికి మనసు కష్టపడింది. మర్నాడు వాళ్ళలో ఒక పెద్దాయనే మా ఆఫీసుకి వచ్చి చెప్పారు: "మాకు మీరంటే పరాయితనం కాదు బాబూ. మా ఇంట్లో తండ్రీకొడుకులం కూడా ఒక పళ్ళెంలో తినం, ఎంగిలి అంటాం. నాకోసం ఒక విస్తరి వేసి ఉంటే కడుపునిండా తినేవాణ్ణి." మరుసటి ఏడాది విస్తళ్ళు వేశాం, మాంసం లేని వంట ఒక పక్కగా చేయించాం. ఆయన రెండోసారి వడ్డించుకుని తిన్నారు. ప్రేమ మన మనసులో ఉంటే చాలదు, అది ఎదుటివారికి అర్థమయ్యే పళ్ళెంలో ఉండాలి.

2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడూ ఇదే జరిగింది. లారీల మీద బ్రెడ్డు ప్యాకెట్లు వచ్చాయి. పంపినవారికి అల్లాహ్ ప్రతిఫలమివ్వాలి. కానీ తడి ఇళ్ళలో ఆ బ్రెడ్డు రెండో రోజుకే బూజు పట్టింది. జనం అడిగింది వేడి అన్నం, ఇంత చారు. పొయ్యి వెలిగించిన చోటే జనం చేరారు.

ఇప్పుడు మేము ఏమి మార్చుకున్నామో చెబుతాం. కిట్ ఇచ్చే ముందు ఇంటికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. రోజూ ఏమి వండుకుంటారు? ఇంట్లో ఏది ఉంది, ఏది లేదు? ఎవరికైనా షుగరు, బీపీ ఉన్నాయా? ఆహార భద్రత చట్టం కింద చౌకదుకాణంలో మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం వస్తున్నాయి, అవి 2023 జనవరి నుంచి ఉచితం. కాబట్టి చాలా ఇళ్ళలో కొరత బియ్యానిది కాదు. కందిపప్పు, నూనె, చింతపండు, ఉల్లిగడ్డ, గ్యాసు బండ, వీటిదే కొరత. జొన్న తినే ఇంటికి జొన్నలు ఇస్తున్నాం, మరపట్టించుకునే కూలితో సహా. గోధుమ కావాలన్న ఇంటికి గోధుమే. పోయిన రంజాన్‌లో మన చీటీ ఉన్న సంచి ఏ కొట్టులోనూ మాకు కనబడలేదు, అల్హందులిల్లాహ్.

దీనివల్ల పని పెరిగింది. ఒకే రకం కిట్ టోకున కొంటే చౌక, ఇంటికో తీరుగా అంటే ఖర్చు ఎక్కువ, తిరిగేవాళ్ళూ ఎక్కువ కావాలి. కిట్ల సంఖ్య కొంచెం తగ్గవచ్చు కూడా. లెక్కల పేజీలో ఆ తగ్గుదల చూసి మీరు నొచ్చుకోకూడదనే ఇదంతా చెప్పాం. ఎన్ని మూటలు పంచామన్నది కాదు, ఎన్ని పొయ్యిల మీద అవి ఉడికాయన్నది మా నుంచి అడగండి.

మీ నుంచి మేము కోరేది మూడు. ఫిత్రాను పండగ ముందురోజు రాత్రి దాకా ఆపకుండా, ఉలమాలను అడిగి వీలైనంత ముందే మా చేతికి ఇవ్వండి. ఈద్ నమాజుకు ముందే అది తిండిగా మారి ఆ ఇంటికి చేరాలి. శక్తి ఉన్నవారు ఈసారి గోధుమ లెక్క దగ్గరే ఆగకండి. మీ ఇంట షీర్ ఖుర్మాలో పడే ఖర్జూరం, ఎండుద్రాక్ష లెక్కన ఒక్కసారి కట్టి చూడండి. మూడోది డబ్బు కాదు, సమయం. రంజాన్‌కు ముందు ఒక్క ఆదివారం మాతో పాటు నాలుగు ఇళ్ళకు రండి. ఆ ఖాలా లాంటి వాళ్ళు కూర్చోబెట్టి చెబుతారు. మాకు చెప్పారు, మీకూ చెబుతారు.

నాలుగు దోసిళ్ళు అన్న కొలతను మేము ఇప్పుడు ఇలా అర్థం చేసుకుంటున్నాం. ఇచ్చేవాడూ రెండు చేతులూ కలిపే పోస్తాడు, తీసుకునేవాడూ రెండు చేతులూ కలిపే పడతాడు. రెండు దోసిళ్ళ ఆకారమూ ఒక్కటే. దుఆకు చేతులెత్తినప్పుడూ దాదాపు అదే ఆకారం.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. మీ ఇళ్ళలో, మీరు ఎరగని ఇళ్ళలో బరకత్ నింపుగాక. ఆకలితో ఉన్నవారి ఇంటి తలుపు తట్టి, లోపల ఏమి వండుకుంటారో అడిగే వినయాన్ని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.